పడవ ఇంజిన్: బ్యాటరీకి ఛార్జింగ్ ఎందుకు అందదు?

విద్యార్థులారా! విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి వేటకు వెళ్లే మరబోట్లను మీలో చాలామంది చూసే ఉంటారు. రాత్రివేళ వాటి దీపాలు, జి.పి.ఎస్., వి.హెచ్.ఎఫ్. రేడియో పనిచేయాలంటే బ్యాటరీలో ఛార్జి ఉండాలి. రోడ్డు మీద బండి ఆగితే నలుగురు వచ్చి తోస్తారు. నడిసముద్రంలో తోసేవారుండరు. దీపాలు ఆరిన పడవ ఎదురొచ్చే ఓడకు కనిపించదు కూడా.

బ్యాటరీని నింపేది ఆల్టర్నేటర్. ఇంజిన్ బెల్టు దీనిని తిప్పుతుంది. ఫారడే 1831లో కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ వల్ల ఇందులో ఏకాంతర విద్యుత్తు పుడుతుంది. డయోడ్లు దానిని ఏకముఖ విద్యుత్తుగా మారుస్తాయి. రెగ్యులేటర్ వోల్టేజిని అదుపులో ఉంచుతుంది.

బ్యాటరీ దిగిపోగానే కొత్తది కొనడం చాలామందికి అలవాటు. కొద్ది రోజులకు అదీ దిగిపోతుంది. తొట్టి నిండకపోతే తప్పు తొట్టిదా, గొట్టానిదా? కొలిస్తేనే తెలుస్తుంది. 12 వోల్టుల లెడ్-యాసిడ్ బ్యాటరీని తీసుకుందాం.

1. ఇంజిన్ ఆపి బెల్టు చూడండి. వదులైతే జారుతుంది. ఉప్పుగాలికి తీగల కొసలు చిలుము పట్టాయేమో గమనించండి.

2. కొన్ని గంటలు వాడకుండా ఉంచాక మల్టీమీటర్‌తో బ్యాటరీని కొలవండి. పూర్తిగా నిండినదైతే సుమారు 12.6 వోల్టులు చూపుతుంది.

3. ఇంజిన్ నడుపుతూ మళ్లీ కొలవండి. సాధారణంగా 13.8 నుంచి 14.4 వోల్టులు వస్తే ఛార్జింగ్ సరిగానే ఉంది, బ్యాటరీనే అనుమానించాలి. 15 వోల్టులు దాటితే రెగ్యులేటర్ చెడి ఉండవచ్చు.

4. వోల్టేజి తక్కువగా ఉంటే ఆల్టర్నేటర్ వద్ద కొలవండి. అక్కడ 14.2, బ్యాటరీ వద్ద 13.0 ఉన్నాయనుకుందాం. 1.2 వోల్టులు దారిలోనే పోయాయి. ప్రవాహం 30 ఆంపియర్లయితే ఓమ్ సూత్రం ప్రకారం నిరోధం 0.04 ఓమ్‌లు. ఇంత చిన్న నిరోధమే 36 వాట్ల వేడి పుట్టిస్తుంది! అదంతా చిలుము పట్టిన ఒక్క అతుకు వద్దే పుడితే తీగ కాలిపోవచ్చు. అతుకును శుభ్రం చేసి బిగిస్తే చాలు, కొత్త బ్యాటరీ అక్కర్లేదు.

5. రెండుచోట్లా వోల్టేజి పెరగకపోతే హెచ్చరిక దీపం చూడండి. తాళం తిప్పగానే అది వెలగాలి. చాలా ఆల్టర్నేటర్లకు తొలి విద్యుత్తు ఈ బల్బు గుండానే అందుతుంది. బల్బు బాగుంటే బ్రష్‌లు, డయోడ్లు, రెగ్యులేటర్ మెకానిక్ చూడవలసినవి.

జాగ్రత్త! ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీ తీగలు విప్పరాదు. వోల్టేజి ఒక్కసారిగా ఎగసి డయోడ్లు కాలిపోతాయి. ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది కనుక దగ్గరలో నిప్పు ఉంచరాదు.

ఆలోచించండి: ఇంజిన్ నడుస్తున్నా రెండుచోట్లా 12.4 వోల్టులే ఉంటే, దేన్నీ కొనకముందే మీరు చూడవలసిన రెండు వస్తువులేవి?