చిప్పు తప్పు... డ్రైవరు సర్దుబాటు!

హారన్ సరిగ్గా మోగదు. రెండో గేరు ఓ పట్టాన పడదు. అయినా పల్లెవెలుగు డ్రైవరు ఆ బస్సును రోజూ వేళకు డిపో చేరుస్తాడు. దాని లోపాలన్నీ అతనికి కంఠతా వచ్చు మరి! కంప్యూటర్లోనూ అలాంటి డ్రైవర్లున్నాయి. కాకపోతే అవి ప్రోగ్రాములు. ఆపరేటింగ్ సిస్టమ్‌కీ పరికరాలకీ మధ్య ఉండి పని నడిపిస్తాయి. తయారీలోనే తప్పు దొర్లిన చిప్పులతో అవి ఎలా నెట్టుకొస్తాయో తెలియాలంటే సీరియల్ పోర్టు కథ వినాలి.

సీరియల్ అంటే రోజూ టీవీలో వచ్చేది కాదండోయ్! పాత కంప్యూటర్ల వెనక తొమ్మిది పిన్నులతో ఉండేదే సీరియల్ పోర్టు. సమాచారాన్ని ఒక్కో బిట్టు చొప్పున వరసలో పంపుతుంది కాబట్టి ఆ పేరు. ఒకప్పుడు మౌస్, మోడెమ్ దానికే తగిలించేవాళ్లం. యూఎస్‌బీ వచ్చాక ఇళ్లలోంచి దాదాపు మాయమైంది. కానీ వేబ్రిడ్జిలకూ ఫ్యాక్టరీ యంత్రాలకూ ఇప్పటికీ అవసరమే. ఆ పోర్టు వెనక పనిచేసే చిప్పును యూఏఆర్‌టీ అంటారు.

ఒక్క అంకె జారిపోతే...

1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఈ పనికి వాడింది 8250 అనే చిప్పు. వచ్చిన అక్షరాల్లో ఒక్కదాన్నే అది దాచి ఉంచగలదు. సెకనుకు 1,15,200 బిట్ల వేగంతో సమాచారం వస్తుంటే ఒక్కో అక్షరానికి పట్టేది సుమారు 87 మైక్రోసెకన్లు. ఈలోపు ప్రాసెసర్ వచ్చి తీసుకోకపోతే కొత్త అక్షరం వచ్చి పాతదాన్ని తుడిచేస్తుంది. అదేమంత పెద్ద నష్టమా అంటారా? వేబ్రిడ్జి నుంచి కంప్యూటర్‌కి వెళ్లే 12450 కిలోల్లో ఒక్క నాలుగు జారిపోయిందనుకోండి. సరిచూసే ఏర్పాటు లేకపోతే బిల్లులో పడేది 1250 కిలోలే. లారీ నిండా సరుకు తెచ్చిన రైతు గతేంటి?

అందుకే 16 అక్షరాలు వరసకట్టి నిలబడేలా 16550 చిప్పు తెచ్చారు. తీరా చూస్తే ఆ వరసలోనే లోపం! నేషనల్ సెమీకండక్టర్ సంస్థ దాన్ని 16550ఏ పేరుతో సరిదిద్దింది. మరి అప్పటికే కంప్యూటర్లలోకి చేరిపోయిన పాత చిప్పుల మాటేమిటి? అక్కడే డ్రైవరు తెలివి చూపించింది. ముందుగా వరసను ఆన్ చేసి, చిప్పులోని రెండు బిట్లను చూస్తుంది. రెండూ వెలిగితే కొత్తది. ఒక్కటే వెలిగితే పాతది. పాతదైతే వరస జోలికే పోదు, ఒక్కో అక్షరంతోనే పని కానిస్తుంది. నెమ్మదే అయినా నమ్మకం!

పిలవని చిప్పు

లినక్స్ డ్రైవర్లో మరో ముచ్చటుంది. పంపాల్సిన అక్షరాలు పంపేశాక చిప్పు ‘ఖాళీ అయ్యా, ఇంకేమన్నా ఉంటే ఇవ్వు’ అని ప్రాసెసర్‌ని పిలవాలి. ఈ పిలుపే ఇంటరప్ట్. కొన్ని చిప్పులు ఖాళీగా ఉండీ పిలవవు. ఆ పిలుపు కోసం కూర్చుంటే పోర్టు మూగబోయినట్టే. అందుకే పోర్టు తెరవగానే డ్రైవరు చిన్న పరీక్ష పెడుతుంది. చిప్పు ఖాళీగా ఉండీ పిలవలేదా... దాని పేరు పక్కన ఓ గుర్తు పెట్టుకుంటుంది. ఇక అప్పట్నుంచీ పిలుపు కోసం చూడకుండా తనే వెళ్లి అక్షరాలు అందిస్తుంది. ఇంకో రకం లోపమైతే టైమర్ పెట్టుకుని, సెకనులో సుమారు అయిదో వంతుకోసారి వెళ్లి చూసొస్తుంది. అన్ని చిప్పులకూ ఇదే వైద్యం చేయొచ్చుగా అంటే... కుదరదు. ఊరికే తిరిగొస్తుంటే ప్రాసెసర్ సమయం వృథా. రోగం ఉన్నవాడికే మందు!

దిద్దితే ఇంకో తంటా

అసలు తమాషా 8250 చిప్పుది. దాని లోపాలు సరిచేసి 8250ఏ తయారుచేశారు. కానీ ఐబీఎం పీసీలోని బయోస్ పాత చిప్పు లోపాలకే అలవాటు పడి ఉంది. దాంతో దిద్దిన చిప్పు అక్కడ పనికిరాకుండా పోయింది! తప్పుతో ఎలాగోలా సర్దుకుపోతే, ఆ తప్పే చివరికి కట్టుబాటైపోతుందన్నమాట. అందుకే అనుభవమున్న ప్రోగ్రామర్లు సర్దుబాటు రాసిన చోటే ఏ చిప్పు కోసం, ఎందుకు రాశారో కూడా నాలుగు ముక్కలు రాసిపెడతారు. లేదంటే తర్వాత వచ్చినవాళ్లు అనవసరమనుకుని తీసేస్తారు. ఎక్కడో ఓ యంత్రం ఆగిపోతుంది.

1991లో హెల్సింకీలో లినస్ టోర్వాల్డ్స్ మోడెమ్ ద్వారా యూనివర్సిటీ కంప్యూటర్‌ని అందుకోవడానికి ఓ చిన్న ప్రోగ్రాము రాసుకున్నాడు. లినక్స్ మొలకెత్తింది దాన్నుంచే. అంటే సీరియల్ పోర్టుతో ఈ సహవాసం పుట్టుకతో వచ్చిందే! ఆ తర్వాత థియొడోర్ చో లాంటివాళ్లు ఆ డ్రైవర్ని ఏళ్ల తరబడి మెరుగుపరిచారు. మార్కెట్లోకి వెళ్లిపోయిన చిప్పును ఎవరూ మళ్లీ చెక్కలేరు. సాఫ్ట్‌వేర్‌ని మాత్రం ఎన్నిసార్లయినా దిద్దుకోవచ్చు. ఆ భారమంతా మోసేది వీళ్లే.

బస్సు వేళకు వచ్చిందంటే గేర్లన్నీ బాగున్నాయని కాదు... డ్రైవరుకి బస్సు సంగతి బాగా తెలుసని!