చిలుము పట్టిన మీటరు
(రేడియో ప్రసంగం)



ఇస్త్రీపెట్టె వేడెక్కకపోయినా, టార్చిలైటు వెలగకపోయినా చాలా ఇళ్ళలో ముందు బయటికి తీసేది మల్టీమీటరు. అరచేతిలో పట్టే పెట్టె, ఎరుపూ నలుపూ రెండు తీగలు, మధ్యన తిప్పే మర. మా ఇంట్లోనూ ఒకటుంది. కిందటి వానాకాలంలో అది నా ప్రాణం మీదికి తెచ్చింది.

వంటింటి ప్లగ్గు వదులైందని స్క్రూడ్రైవరు పట్టుకున్నాను. మీటరు పెట్టి చూస్తే సున్నా. కరెంటు లేదు కదా అని మూత విప్పబోతూంటే మా అత్తగారు, "ఆ టేబిల్ లైటు ఓసారి దాన్లో గుచ్చి చూడవే" అన్నారు. గుచ్చితే లైటు భేషుగ్గా వెలిగింది! 230 ఓల్టులూ అక్కడే వున్నాయి. చచ్చింది మీటరు. మెయిన్ కట్టకుండా దాన్ని నమ్మడం నా బుద్ధితక్కువే అనుకోండి.

ఇహ దాని సంగతి చూద్దామని కూర్చున్నాను. మొదట తీగలు రెండూ ఊడదీయాలి. ఆ తరవాత బ్యాటరీ తీసెయ్యాలి. పళ్ళెంలో పెట్టి విప్పడం మంచిది. తిప్పే మర కింద మిరియపు గింజంత ఇనప గోళీలుంటాయి. అవి ఎగిరి బల్ల కిందికి దొర్లిపోతే దొరకవు.

లోపల పచ్చటి పలక, దాని మీద ముగ్గు గీతల్లా రాగి దారులు. నెలల తరబడి వాడక పక్కన పడేసిన 9 ఓల్టుల బ్యాటరీ కారి, ఎర్రతీగ గుచ్చే చోటినుంచి వచ్చే దారిని తినేసింది. అక్కడంతా చిలుము. దారి తెగితే కరెంటు లోపలికెలా పోతుంది? అందుకే ఆ సున్నా.

ఆల్కలైన్ బ్యాటరీ నుంచి కారేది క్షారం. దూదిపుల్లతో రెండు చుక్కలు వినిగరు అద్దితే విరుగుతుంది. తరవాత డిస్టిల్డ్ వాటరుతో తుడిచి, ఐసోప్రొపైల్ స్పిరిటు రాసి, పూర్తిగా ఆరనివ్వాలి. తడి మిగిలితే చిలుము మళ్ళీ పుడుతుంది. తిప్పే మర తగిలే రాగి గీతల్ని మాత్రం గరుకు కాగితంతో రుద్దకండి. స్పిరిటు చాలు.

తెగిన దారిని కలపడం మన కళాయివాడి పనే. పైనున్న పచ్చపూతను బ్లేడుతో మెల్లగా గీకితే ఎర్రటి రాగి కనిపిస్తుంది. దానికి సాల్డరుతో పలచగా కళాయి పెట్టి, పాత వైర్లోని సన్నని రాగిపోగు ఒకటి అటూ ఇటూ అతకాలి. కాని కళాయివాడి నవాసారం ఇక్కడ పనికిరాదు, రాగిని తినేస్తుంది. సాల్డరు తీగ లోపల వుండే గుగ్గిలమే చాలు. 25 వాట్ల ఐరన్ సరిపోతుంది. ఎక్కువసేపు ఆనిస్తే రాగిగీత పొరలా లేచి వస్తుంది. నాకు ఒకచోట లేచింది కూడాను! మామూలు సాల్డరులో 60 పాళ్ళు తగరం, 40 పాళ్ళు సీసం. అంచేత వంటగట్టు మీద వద్దు, పిల్లల దగ్గర వద్దు. కిటికీ తెరిచి చేసి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

బిగించాక అంకెలు సగం సగం కనిపిస్తే గాభరా పడకండి. అద్దానికీ పలకకూ మధ్య చారల రబ్బరు ముక్క పక్కకి జరిగి వుంటుంది.

కాలిపోయిన పలక కథ వేరు. ఎర్రతీగను 10 ఆంపియర్ల రంధ్రంలోనే వుంచి ప్లగ్గులో ఓల్టులు చూస్తే భగ్గుమంటుంది. చాలా చవకరకం మీటర్లలో ఆ దారికి ఫ్యూజే వుండదు. మాడిన పలక బొగ్గవుతుంది, బొగ్గులోంచి కరెంటు పారుతుంది. అది పారేయవలసిందే. ఫ్యూజు మాత్రమే పోతే అదే రకానిది వెయ్యాలి. చాక్లెట్ కాగితం చుట్టే తెలివి వద్దు.

నా మీటరు బాగుపడింది. కొత్త టార్చి సెల్లు మీద పెడితే 1.5 దాటి చూపించింది. అయినా నా చేతి అతుకును నమ్మి 230 ఓల్టుల మీద పెట్టను. వెనకాల ప్లాస్టరు అంటించి "బ్యాటరీలకు మాత్రమే" అని రాశాను. వాడనప్పుడు దాని బ్యాటరీ తీసి విడిగా డబ్బాలో పెడుతున్నాను. వంటింటి ప్లగ్గుకు మాత్రం ఎలక్ట్రీషియన్ వచ్చాడు. వస్తూనే మెయిన్ కట్టేశాడు.