గుడ్డ కప్పిన కీబోర్డు

మా హాల్లో కిటికీ పక్కన ఒక కీబోర్డు ఉంది. దుమ్ము పడకుండా దాని మీద పాత దుప్పటి ముక్క కప్పి ఉంటుంది. ఆ గుడ్డ మీద ఒక్కోరోజు ఇస్త్రీ బట్టలు, ఒక్కోరోజు కరెంటు బిల్లు, పిల్లల స్కూలు డైరీ. రాత్రి భోజనాలయ్యాక "ఇవాళ కూర్చుంటాను" అనుకుంటాను. ముందు బట్టలు తీసి లోపల పెట్టాలి. అడాప్టరు ఎక్కడుందో వెతకాలి. వెతుకుతుండగా ఫోను మోగుతుంది, మోగకపోయినా నేనే తీసి చూస్తాను. పదిన్నరవుతుంది. "ఇంత రాత్రప్పుడు వాయిస్తే పక్కింటివాళ్ళు ఏమనుకుంటారు, రేపు చూద్దాంలే" అనుకుంటాను. హెడ్‌ఫోన్ పెట్టుకోవచ్చని తెలియక కాదు.

అది కొన్న వారానికే నాన్న తన నోటు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఇచ్చారు. పల్లవి, మూడు చరణాలు. ఆయన స్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. పాటలు రాసేవారు గాని పాడటం రాదు. "దీనికో బాణీ కట్టరా, క్రిస్మస్‌కి పాడుకుందాం" అన్నారు. సరేనన్నాను. అయిదు క్రిస్మస్‌లు "వచ్చే ఏడాది తప్పకుండా" అంటూ గడిపాను. ఆరో క్రిస్మస్‌కి అడగడానికి ఆయన లేరు.

నాలాంటివాళ్ళు మన పాఠకుల్లో చాలామందే ఉంటారని నాకు తెలుసు. వారమంతా బ్యాంకులోనో బడిలోనో ఆసుపత్రిలోనో పని, ఆదివారం గిటారో తబలానో. ఫోనులో పదిహేను సెకన్ల కూనిరాగాలు ముప్పై నలభై ఉంటాయి. ఒక్కటీ పాట కాలేదు. ఎవరైనా అడిగితే "టైము లేదండీ" అంటాం. అదీ నిజమే. కానీ అదే రాత్రి గంటసేపు ఫోనులో రీల్స్ చూడటానికి దొరికిన టైము పాటకి ఎందుకు దొరకలేదన్నది అసలు ప్రశ్న. పైగా ఇది మనకి ఇష్టమైన పని. ఇష్టంలేని ఆఫీసు రిపోర్టు గడువులోపల ఇచ్చేస్తాం. ఇష్టంగా, ఎవరూ బలవంతపెట్టకుండా ఎంచుకున్న పనినే ఎందుకు తప్పించుకు తిరుగుతాం?

వాయిదా వేయడం గురించి చాలాకాలంగా పరిశోధిస్తున్న టిమోతీ పిచిల్, ఫ్యూషియా సిరోయ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2013లో రాసిన ఒక వ్యాసంలో దీనికి ఒక వివరణ ఇచ్చారు. వారి వాదన ప్రకారం, గడియారం చూసుకుని పని సర్దుకోవడం చేతకాక వాయిదా వేయడం తక్కువ. ఆ పని తలుచుకోగానే లోపల కలిగే ఇబ్బందిని ఇప్పటికిప్పుడు వదిలించుకోవడానికి వాయిదా వేయడమే ఎక్కువ. భయం, విసుగు, "నా వల్ల కాదేమో" అన్న సందేహం, ఇవన్నీ "రేపు" అనగానే ఆ క్షణానికి తగ్గిపోతాయి. ఆ ఊరటే మనకి దొరికే కూలి. అందుకే మర్నాడు కూడా అదే పని చేస్తాం.

సంగీతంలో ఆ ఇబ్బంది ఏమిటో వాయించేవారికి వేరే చెప్పనక్కర్లేదు. స్నానం చేస్తున్నప్పుడు తలలో మోగిన బాణీ అద్భుతంగా ఉంటుంది. వెనకాల వయొలిన్లు కూడా వినిపిస్తాయి. కీబోర్డు ముందు కూర్చుని వేళ్ళతో వెతికితే వచ్చేది చిన్నపిల్లల ప్రార్థన గీతంలా ఉంటుంది, అదీ సగంలో ఆగిపోతుంది. వంట పాడైతే భోజనాల దాకా తెలియదు. రాసింది బాగాలేకపోతే మళ్ళీ చదివినప్పుడు గాని తెలియదు. స్వరం తప్పితే మాత్రం ఆ క్షణంలోనే మన చెవికే తగులుతుంది. ఒకటి రెండు రాత్రులు అలా తగిలాక చేయి కీబోర్డు వైపు వెళ్ళదు.

సరదాగా చేసే పని కాబట్టి ఇంకో చిక్కు ఉంది. డబ్బు రాదు, గడువు లేదు, చేయకపోతే అడిగేవాడు లేడు. ఇక పణంగా మిగిలేది ఒక్కటే, మన గురించి మనకున్న అభిప్రాయం. పాట కట్టనంతకాలం అది గొప్ప పాటే. కట్టామంటే ఎలా ఉందో తెలిసిపోతుంది. నాన్న కాగితం అయిదేళ్ళు డ్రాయరులో ఉండటానికి కారణం ఇదేనని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఆయన పాటకి తగ్గ బాణీ నేను కట్టలేనని తేలిపోతుందేమోనన్న భయం.

ఈ తప్పించుకోవడం చాలాసార్లు పని వేషంలోనే వస్తుంది. యూట్యూబులో పాఠాలు చూస్తాం. మైకు కొంటే గాని మొదలుపెట్టలేమనుకుంటాం. ఎఫ్ఎల్ స్టూడియో మంచిదా, గ్యారేజ్‌బ్యాండ్ మంచిదా అని స్నేహితులతో వాదిస్తాం. నేను ఒక వేసవి మొత్తం తంత్రీవాద్యాల శబ్దాలు ఒక్కొక్కటీ విని, ఏది సహజంగా ఉందో ఎంచుతూ గడిపాను. ఆ వేసవిలో ఒక్క పల్లవి కట్టలేదు. బద్ధకాన్నయితే గుర్తుపట్టి తిట్టుకోవచ్చు. ఇది శ్రద్ధలా కనిపిస్తుంది కాబట్టి పట్టుకోవడం కష్టం.

ఇలాంటివాళ్ళలో నాకు చాలా ఇష్టమైన మనిషి ఒకాయన ఉన్నారు. రష్యాకి చెందిన అలెగ్జాండర్ బొరొడిన్. 1833లో పుట్టాడు. వృత్తిరీత్యా రసాయన శాస్త్రవేత్త, సెయింట్ పీటర్స్‌బర్గ్ వైద్య విద్యాలయంలో ప్రొఫెసరు. ఆడపిల్లలకి వైద్యవిద్య చెప్పించాలని పాటుపడినవాడు. సంగీతం ఆయనకి సెలవు రోజుల పని, తననలాగే చెప్పుకునేవాడు. ఆరోగ్యం బాగాలేక పాఠాలకి వెళ్ళలేని రోజుల్లోనే సంగీతం రాయగలుగుతున్నానని, అందుకే స్నేహితులు తనకి జబ్బు చేయాలని కోరుకుంటారని ఒక ఉత్తరంలో సరదాగా రాసుకున్నాడు. ఇంటినిండా బంధువులు, భోజనాల బల్ల మీద పిల్లులు. పక్కగదిలో ఎవరైనా పడుకుని ఉంటే లేపడం ఇష్టంలేక పియానో ముట్టేవాడు కాదట. పక్కింటివాళ్ళ సాకు చెప్పుకునే నాకు ఇది చదివినప్పుడు నవ్వూ వచ్చింది, కొంచెం సిగ్గూ వేసింది.

'ప్రిన్స్ ఇగోర్' అనే ఒపేరాని ఆయన 1869లో మొదలుపెట్టాడు. అప్పటికే పేరున్న స్వరకర్త రిమ్‌స్కీ-కొర్సకొవ్ ఆయనకి ఆప్తుడు. ఆ భాగం రాశావా, ఈ భాగం రాశావా అని వెంటపడేవాడు. ఒకసారి ఫలానా భాగాన్ని ఇంకో స్థాయికి మార్చావా అని అడిగితే, మార్చాను, పియానో మీద నుంచి బల్ల మీదికి మార్చాను అన్నాడట బొరొడిన్. రిమ్‌స్కీ-కొర్సకొవ్ తన జ్ఞాపకాల్లో ఈ ముచ్చట రాశాడు. 1887లో ఒక విందులో ఉన్నట్టుండి కుప్పకూలి బొరొడిన్ చనిపోయేనాటికి, మొదలుపెట్టి 18 ఏళ్ళయినా ఆ ఒపేరా పూర్తికాలేదు. రిమ్‌స్కీ-కొర్సకొవ్, గ్లాజునొవ్ కలిసి పూర్తిచేస్తే 1890లో రంగస్థలం ఎక్కింది.

అయితే ఆ ఒపేరాలో అందరికీ తెలిసిన పొలొవెట్స్ నృత్యాల సంగతి వేరు. 1879లో రిమ్‌స్కీ-కొర్సకొవ్ తన కచేరీలో వాటిని వాయిస్తామని ముందే ప్రకటించేశాడు. రోజు దగ్గరపడింది, వాద్యబృందానికి కావలసిన ప్రతి సిద్ధంగా లేదు. ఒక సాయంత్రం రిమ్‌స్కీ-కొర్సకొవ్, లియాదొవ్, బొరొడిన్ ముగ్గురూ ఒకే గదిలో కూర్చుని కాగితాలు పంచుకున్నారు. సిరా ఆరేదాకా ఆగే తీరిక లేక పెన్సిలుతో రాశారు. పెన్సిలు చెరిగిపోకుండా బొరొడిన్ తనకి తెలిసిన రసాయనశాస్త్రం వాడి ఆ కాగితాల మీద జిలాటిన్ పూశాడు. అవి ఆరడానికి గదిలో తాళ్ళు కట్టి, ఉతికిన బట్టల్లా వాటి మీద వేలాడదీశారు. పని అయిపోయింది.

మనిషి అదే, తీరిక లేకపోవడమూ అదే. మారింది రెండే: ఒక తేదీ పడింది, బల్ల దగ్గర పక్కన ఇద్దరు కూర్చున్నారు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1881 వేసవి సెలవుల్లో ఇదే బొరొడిన్ నాలుగు వాద్యాల కోసం ఒక చిన్న రచనని చకచకా పూర్తిచేసి భార్యకి అంకితమిచ్చాడు. ఆయన రెండవ స్ట్రింగ్ క్వార్టెట్ అంటే అదే. పెద్ద ఒపేరాకి 18 ఏళ్ళు చాలలేదు. ఒక మనిషి కోసం చేసిన చిన్నదానికి ఒక్క వేసవి చాలింది.

నాన్న పోయిన తర్వాత ఏడాది ఆ డ్రాయరు తెరవలేదు. ఆ తర్వాత చేసిన పనులు చెబుతాను. వీటిలో తెలివి పెద్దగా ఏమీ లేదు.

మొదట దుప్పటి ముక్క తీసేశాను. దుమ్ము పడుతుందని ఇంట్లో చిన్న గొడవైంది, రోజూ నేనే తుడుస్తానన్న ఒప్పందం మీద అది సర్దుకుంది. అడాప్టరు ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంటుంది, హెడ్‌ఫోన్ స్టాండుకే వేలాడుతుంది. కూర్చోవడానికీ మొదటి స్వరానికీ మధ్య ఇప్పుడు ఏ పనీ లేదు.

"తీరికైనప్పుడు" అన్న మాట మానేసి, పళ్ళేలు సింకులో పెట్టగానే పది నిమిషాలు అనుకున్నాను. ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను అని ముందే ముడివేసుకున్న నిర్ణయాలు ఉత్త తీర్మానాల కంటే ఎక్కువగా అమలవుతాయని పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో వివరించారు. నా అనుభవంలో పది నిమిషాలన్నది పది నిమిషాల్లోనే ఆపడం కూడా ముఖ్యం. మొదటి రోజు ఉత్సాహంగా గంటన్నర కూర్చుంటే, రెండో రోజు ఆ గంటన్నర గుర్తొచ్చి భయమేస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది చేతులు కట్టేసుకోవడం. ఏ స్వరమైనా వాడుకోవచ్చు, ఏ తాళమైనా పెట్టుకోవచ్చు, ఏ శబ్దమైనా ఎంచుకోవచ్చు అంటే మనసు అక్కడే ఆగిపోతుంది. మన పాత కీర్తనల పుస్తకం తెరవండి, పాట పైన రాగం, తాళం రాసి ఉంటాయి. ఆ కీర్తనలు రాసినవారు ముందు ఒక చట్రం ఒప్పుకుని అందులో కూర్చున్నారు. నేనూ అలాగే చేశాను. కీబోర్డు మీద నల్ల కీలు మాత్రమే. మూడు నల్ల కీలు పక్కపక్కన ఉన్న గుంపులో ఎడమవైపు మొదటిదాన్ని షడ్జమం అనుకుని వరసగా నల్లవే వాయించుకుంటూ పైకి వెళ్ళండి. స రి గ ప ధ, మోహన రాగం వస్తుంది. అయిదే స్వరాలు, ఎలా కలిపినా చెవికి పెద్దగా గుచ్చుకోవు. తాళం ఆది, ఎనిమిది దెబ్బలు. పియానో శబ్దం తప్ప ఇంకో బటను నొక్కకూడదు. సంగీతం బాగా వచ్చినవారికి ఇది చిన్నపిల్లల ఆట అనిపించవచ్చు. నాలాంటివాడికి కావలసింది అదే.

వాయించింది ఫోనులో రికార్డు చేసి, ఆ రాత్రి వినకుండా పడుకుంటాను. కట్టడం ఒక పని, తూచడం ఇంకో పని. రెండూ ఒకే పది నిమిషాల్లో పెట్టుకుంటే తూచేవాడే గెలుస్తాడు. మర్నాడు బస్సులో వింటే రాత్రి అనుకున్నంత ఘోరంగా ఏమీ ఉండదు. ఒక్కోసారి అంతకంటే ఘోరంగా ఉంటుంది, కానీ అప్పటికి తెల్లవారి ఉంటుంది కాబట్టి తట్టుకోగలం.

చివరికి, వినే మనిషి. మా అక్కకి ఫోన్ చేసి "ప్రతి శనివారం రాత్రి తొమ్మిదికి, ఎలా ఉన్నా సరే, ఒక ముక్క పంపుతాను. బాగుందో లేదో చెప్పొద్దు, అందిందని చెప్పు చాలు" అన్నాను. "ఒరే, ఇన్నాళ్ళకైనా!" అంది. ఈ వినే మనిషిని జాగ్రత్తగా ఎంచుకోండి. కుటుంబం వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. అక్కడ వచ్చే దండాల బొమ్మలూ పొగడ్తలూ మనల్ని ఇంకో ఆరునెలలు పడుకోబెడతాయి. బాగా పాడే బాబాయి ఇచ్చే సలహా ఏకంగా ఏడాదిపాటు పడుకోబెడుతుంది.

వాయిదా వేసినవాళ్ళకి మన మధ్య ఒక బరువు అదనంగా పడుతుంది. దేవుడిచ్చిన తలాంతును పాతిపెట్టావు అన్న మాట. నేనూ చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఆ ఉపమానంలో యజమాని ఆ దాసుణ్ణి సోమరి అన్నది నిజమే. కానీ ఎందుకు దాచాడో ఆ దాసుడు స్వయంగా చెప్పుకున్న కారణం భయం. ఆ మాట మీద ప్రసంగాలు తక్కువగా విన్నాను. భయపడి దాచినవాణ్ణి ఇంకా భయపెడితే ఇంకా లోతుగా పాతుతాడు. కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో మైకేల్ వోల్ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. మొదటి పరీక్షకి చదవకుండా వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకోగలిగిన విద్యార్థులు రెండో పరీక్షకి తక్కువగా వాయిదా వేశారు. పాట కట్టని అయిదేళ్ళకి శిక్షగా నన్ను నేను తిట్టుకున్న ఏడాదిలో ఒక్క స్వరం కూడా వాయించలేదన్నది నా వరకు దానికి రుజువు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఆగిపోయిన ప్రతి పాటా తప్పించుకోవడం కాదు. నెలల బిడ్డ ఉన్న తల్లి, రాత్రి డ్యూటీ చేసే నర్సు, మంచం పట్టిన పెద్దవాళ్ళని చూసుకునే కొడుకు వాయించకపోతే అది అలసట. కొందరికి కొత్తగా కట్టాలని అసలు ఉండదు, ఉన్న పాటలు వాయించుకుంటే చాలు, అందులో తక్కువేమీ లేదు. ఇంకొందరికి ఆ కోరికే పోయి ఉంటుంది. అలాంటప్పుడు ఆ వాయిద్యాన్ని నేర్చుకుంటున్న ఏ పిల్లవాడికో ఇచ్చేయడం మంచిది. మూలన పడి ఉన్న గిటారు రోజూ మనల్ని దోషిగా చూస్తూ ఉండనక్కర్లేదు.

నాకు మాత్రం ఆ కోరిక పోలేదు. పదకొండు శనివారాలయ్యాయి. నాన్న పల్లవి ఎనిమిది దెబ్బల్లో బాగానే కూర్చుంది. మొదటి చరణం బాణీ ఎక్కడో విన్నట్టుందని నాకే అనిపిస్తోంది, ఉంచేశాను. రెండో చరణం మూడో పాదం దగ్గర ఆగాను. అక్కడ కాగితం మడతపడి సిరా అలుక్కుపోయింది. ఆ మాట 'కరుణ'నా, 'కిరణమా' తెలియడం లేదు. ఆ కాగితం చేతిలో పెట్టుకుని ఆయన్ని అడగడానికి నాకు అయిదేళ్ళు ఉన్నాయి. ఫొటో తీసి అక్కకి పంపాను. 'కిరణం' అంటోంది. నాకు 'కరుణ' అనిపిస్తోంది. ఈ శనివారం రెండూ పాడి పంపుతాను.