మీకు తెలుసా? జాజ్ వేదికపై పాలకొల్లు మాండలిన్

కర్ణాటక వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితార్ పడమటి బాణీలకు సంస్కృత సాహిత్యం కట్టారు. మన పాలకొల్లు కుర్రాడు యు. శ్రీనివాస్ ఏకంగా పడమటి వాయిద్యాన్నే కర్ణాటక కచేరీకి తెచ్చేశాడు! స్వరాన్ని ఊపే గమకం పలకదని పెద్దలు పెదవి విరిచిన మాండలిన్ అది. నాలుగు జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు బిగించి, ఎలక్ట్రిక్ మాండలిన్ మీద రాగాన్ని సాగదీసి పలికించాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ రాదు; ఆయన పాడితే శిష్యుడు వాయించేవాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించే నాటికి శ్రీనివాస్ వయసు 14 ఏళ్ళే. 1995లో గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో ‘డ్రీమ్’ ఆల్బమ్, తర్వాత జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో ‘రిమెంబర్ శక్తి’ బృందం. ఫ్యూజన్ బాగుంటుంది గానీ, ముందు శ్రీనివాస్ కర్ణాటక రికార్డులు వినండి.