కర్రీ పాయింట్‌లో నా ఎంబీఏ ప్రాజెక్టు

ఎంబీఏ ఆఖరి సెమిస్టర్‌లోకి రాగానే క్లాస్‌మేట్స్ కంటే సీనియర్లే ఎక్కువ గుర్తొస్తారు. 'అన్నా, నీ ప్రాజెక్టు సాఫ్ట్ కాపీ ఉందా?' అనే మెసేజ్ ఏటా అదే సీజన్‌లో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటుంది. కాపీ దొరికాక కంపెనీ పేరు మారుతుంది, సంవత్సరం మారుతుంది, కృతజ్ఞతల పేజీలో గైడ్ పేరు మారుతుంది. 'ఫలానా కంపెనీలో కస్టమర్ల సంతృప్తిపై ఒక అధ్యయనం' అన్న టైటిల్ మాత్రం మారదు. 100 మంది శాంపిల్, ఐదేసి ఆప్షన్లున్న ప్రశ్నలు, ప్రశ్నకో పై చార్ట్, చివర్లో 'కంపెనీ ప్రచారంపై మరింత దృష్టి పెట్టాలి' అని ఓ సలహా. స్పైరల్ బైండింగ్ చేయిస్తే పనైపోయినట్టే. ఆ ఓపిక కూడా లేకపోతే డబ్బులు తీసుకుని మొత్తం చేసిపెట్టేవాళ్లూ ఉన్నారు.

పగలు ఆఫీసు, శని ఆదివారాలు క్లాసులు. అలా ఎంబీఏ చేసినవాణ్ని కాబట్టి టైమ్ ఎంత ఖరీదో నాకూ తెలుసు. కానీ రెండేళ్ల కోర్సులో ప్రశ్న కూడా మనమే వెతుక్కోవాల్సిన పని ఇదొక్కటే. దాన్ని కొనుక్కుంటే ఫీజులో మనకి దక్కాల్సిన అసలు భాగాన్ని వదిలేసుకున్నట్టే.

రిస్కు సంగతి సరేసరి. 2018లో యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాకా ఉంటే చర్య ఉండదు. 10 దాటి 40 శాతం లోపుంటే 6 నెలల్లోగా సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు మళ్లీ ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే ఆ కోర్సు రిజిస్ట్రేషనే రద్దు. అన్న ఇచ్చిన సాఫ్ట్ కాపీ అంతకుముందే సాఫ్ట్‌వేర్‌కి చిక్కి ఉంటుందని మర్చిపోకండి.

టైటిల్ కాదు, ప్రశ్న కావాలి

మా గైడ్ మొదటి మీటింగ్‌లోనే ఒక షరతు పెట్టారు. 'టైటిల్ వద్దు, ప్రశ్న తీసుకురా. దానికి జవాబు దొరికితే ఎవరో ఒకరు మర్నాటి నుంచి ఏదో ఒక పని వేరేగా చేయాలి. అలా చేసే మనిషి ఎవరో ముందు చెప్పు' అన్నారు.

ఆ మనిషి మా సందులోనే ఉంది. కేపీహెచ్‌బీలో నేనుండే రూమ్‌కి నాలుగడుగుల దూరంలో ఓ కర్రీ పాయింట్. రోజూ రాత్రి నా డిన్నర్ అక్కడి నుంచే. మూసేసే టైమ్‌కి వెళ్లినప్పుడు స్టీలు గిన్నెల్లో కూరలు మిగిలి కనిపించేవి. ఏం చేస్తారక్కా అని అడిగా.

'వేపుళ్లు మిగిలితే పనివాళ్లు పట్టుకెళ్తారు. పప్పు, పులుసు పారబోయడమే తమ్ముడూ. పొద్దున సరుకు తెచ్చింది డైలీ ఫైనాన్స్ డబ్బుతో. కూర డ్రైనేజీలో పోసినా కిస్తీ కట్టాల్సిందేగా' అంది అక్క.

పోనీ తక్కువ వండొచ్చుగా అంటే ఇంకో బాధ. తొమ్మిదింటికే గిన్నె ఖాళీ అయితే వచ్చినవాళ్లు పక్క సందులో కర్రీ పాయింట్‌కి వెళ్తారు. ఒకసారి అక్కడ అలవాటైతే మళ్లీ రారు. అలా నా ప్రశ్న తయారైంది: సాయంత్రం టమాటా పప్పు ఎన్ని కవర్లకి సరిపడా వండాలి? మొత్తం మెనూ కాదు, ఒక్క పప్పే. గైడ్ వెంటనే ఓకే అన్నారు.

పేపర్ బాయ్ లెక్క

మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో దీనికి 'న్యూస్‌వెండర్ ప్రాబ్లమ్' అని పేరు. పేపర్లమ్మే కుర్రాడు పొద్దున్నే ఎన్ని కాపీలు తెచ్చుకోవాలి? మిగిలితే చిత్తుకాగితం, చాలకపోతే బేరం పోయినట్టు. దీని మూలాలు 1888 నాటివి. బ్యాంకు తన దగ్గర ఎంత నగదు ఉంచుకోవాలన్న ప్రశ్న మీద ఎడ్జ్‌వర్త్ అనే ఆర్థికవేత్త అప్పట్లో ఈ తరహా లెక్క వేశాడు. 1951లో ఆరో, హారిస్, మార్షాక్ అనే ముగ్గురు రాసిన పేపర్ దీన్ని సరుకు నిల్వలకి వర్తించేలా చేసింది.

సూత్రం చాలా చిన్నది. ఒక కవర్ తక్కువైతే పోయే లాభాన్ని, ఆ లాభం ప్లస్ ఒక కవర్ మిగిలితే వచ్చే నష్టంతో భాగించాలి. లెక్క సులువుగా ఉండటానికి పప్పు కవర్ ధర 40 రూపాయలు, ఖర్చు 25 అనుకుందాం. తక్కువైతే పోయేది 15. మిగిలితే పోయేది 25. 15ని 40తో భాగిస్తే 0.375, అంటే 8లో 3 వంతులు. ఈ లెక్క ప్రకారం 8 రోజుల్లో 3 రోజులే పప్పు అందరికీ సరిపోవాలి. మిగతా 5 రోజులు షట్టర్ దించకముందే అయిపోవాలి. గిన్నె ఖాళీ అవ్వడమే లాభమన్నమాట!

అయితే అక్క భయం కూడా ఈ లెక్కలోకి రావాలిగా. పప్పు లేదని తిరిగి వెళ్లిపోయే కుర్రాడు ఒక్క పప్పుతోనే వెళ్లడు. దాంతోపాటు కొనే వేపుడు, పెరుగు బేరం కూడా పోతుంది. మూడింటి మీదా కలిపి 45 రూపాయల లాభం పోయిందనుకుంటే, 45ని 70తో భాగించాలి. జవాబు దాదాపు 0.64. అంటే 14 రోజుల్లో 9 రోజులు పప్పు సరిపోవాలి. అదే సూత్రం, అదే పప్పు. ఒక అంకె మారితే సలహా తిరగబడింది. ఆ అంకె ఏ పుస్తకంలోనూ ఉండదు. షాపు ముందు నిలబడితేనే దొరుకుతుంది.

స్కానర్ చెప్పనిది నోట్‌బుక్ చెప్పింది

సాఫ్ట్‌వేర్ వాణ్ని కదా, యూపీఐ హిస్టరీ చూస్తే ఎన్నింటికి ఎంత వచ్చిందో తెలుస్తుంది. కానీ 120 రూపాయలొస్తే అందులో పప్పు ఉందో లేదో దానికి తెలీదు. అంతకంటే ముఖ్యమైంది, కొనకుండా వెళ్లిపోయినవాళ్లు ఏ యాప్‌లోనూ కనిపించరు. 30 కవర్లు వండి 30 అమ్ముడైతే డిమాండ్ 30 అని కాదు, కనీసం 30 అని. స్టాటిస్టిక్స్‌లో దీన్ని 'సెన్సార్డ్ డేటా' అంటారు. అమ్మకాల డేటాని డిమాండ్ అనుకునే ఎవరికైనా ఇదే చిక్కు.

అందుకే కౌంటర్ పక్కన ఓ నోట్‌బుక్ పెట్టాం. మూడే గడులు: ఎన్ని కవర్లకి వండారు, ఎన్నింటికి అయిపోయింది, ఆ తర్వాత అడిగినవాళ్లు ఏం చేశారు. సాంబారు తీసుకుంటే ఒక గీత, ఏమీ కొనకుండా వెళ్లిపోతే ఇంకో గీత. ఆఫీసు అయ్యాక నేను, నేను లేనప్పుడు కౌంటర్‌లో ఉండే కుర్రాడు గీతలు గీసేవాళ్లం. నాలుగు వారాలు అలా నడిచింది.

గీతలు వరసలో పెట్టి చూస్తే రెండు గుంపులు కనిపించాయి. ఎనిమిదిన్నర లోపు వచ్చేవాళ్లలో ఎక్కువమంది కుటుంబాలతో ఉండేవాళ్లు. ఇంట్లో అన్నం వండుకుని ఒక కూర కోసం వస్తారు. పప్పు లేదంటే సాంబారు పట్టుకెళ్తారు. తొమ్మిది దాటాక వచ్చేది హాస్టళ్ల పిల్లలు, రూమ్ బ్యాచ్. వాళ్లకి పప్పు, వేపుడు, పెరుగు ఒక సెట్. పప్పు లేదంటే సెట్ మొత్తం పక్క సందుకే. అంటే పప్పు లేకపోతే ఎక్కువ నష్టం వచ్చేది ఆఖరి గంటలోనే. అక్క మళ్లీ పొయ్యి వెలిగించడానికి భయపడేదీ ఆ గంటలోనే.

ఈ కాగితాలు ముందు పెడితే దారి అక్కే చెప్పింది. 'పోపు పెట్టిన పప్పే కదా పారబోసేది. ఉత్తి ఉడికిన పప్పయితే ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున సాంబారులో వేసేస్తా' అంది. పప్పంతా ఒకేసారి ఉడికించి, సగానికే టమాటా, పోపు వేసి, మిగతాది ఎనిమిదిన్నరకి గిరాకీ చూసి వేయడం. మిగిలితే వచ్చే నష్టమే తగ్గిపోయింది కాబట్టి సూత్రం ఇక భయపెట్టదు. ఆఖరి నిర్ణయాన్ని వీలైనంత ఆలస్యం చేసే ఈ పద్ధతికి పుస్తకాల్లో 'పోస్ట్‌పోన్‌మెంట్' అని పేరు. బెనెటన్ కంపెనీ స్వెటర్లు ముందే అల్లి, ఏ రంగుకి గిరాకీ ఉందో చూసి తర్వాత రంగులద్దడం దీనికి బాగా చెప్పే ఉదాహరణ. మా రిపోర్టులో దాని పక్కనే ఇంగువ పోపు చేరింది.

దీంతో అక్క అప్పు తీరిపోలేదు. ఫైనాన్స్ అతను ఇప్పటికీ సాయంత్రాలు వస్తూనే ఉన్నాడు. కానీ పప్పు గిన్నె డ్రైనేజీ దగ్గరికి వెళ్లడం తగ్గింది, తొమ్మిదిన్నరకి వచ్చినవాళ్లకీ పప్పు దొరుకుతోంది. నోట్‌బుక్‌లో ఇప్పుడు బెండకాయ వేపుడుకీ ఒక పేజీ ఉంది. అది నేను మొదలుపెట్టింది కాదు.

మీరు మొదలుపెడుతుంటే

బాగా తెలిసిన చోటే ప్రశ్న వెతకండి. స్టాన్‌ఫర్డ్‌లో ఎంబీఏ చేస్తున్నప్పుడు ఫిల్ నైట్ ఒక క్లాసు కోసం జపాన్ రన్నింగ్ షూస్ మీద పేపర్ రాశాడు. కాలేజీ రోజుల్లో ఆయన రన్నర్. 1964లో తన కోచ్ బిల్ బవర్‌మన్‌తో కలిసి చెరో 500 డాలర్లు వేసుకుని పెట్టిన కంపెనీయే తర్వాత నైకీ అయింది. అందరి ప్రాజెక్టులూ కంపెనీలవ్వవు, అవ్వక్కర్లేదు కూడా. కానీ ఆయన ప్రశ్న తను పరిగెత్తిన ట్రాక్ మీదే దొరికింది.

ఇంటర్న్‌షిప్ చేస్తుంటే మొదటి వారంలోనే మేనేజర్‌ని ఒకటి అడగండి: 'నా రిపోర్టు చూసి మీరు ఏ నిర్ణయం తీసుకుంటారు?' జవాబు రాకపోతే టాపిక్ మార్చుకోవడానికి ఇంకా టైమ్ ఉంటుంది. ఏ డేటా బయటపెట్టొచ్చో ముందే రాతపూర్వకంగా తీసుకోండి. చిన్న షాపయితే ఓనర్ అనుమతి అడగండి, కస్టమర్ల పేర్లూ నంబర్లూ రిపోర్టులోకి రానివ్వకండి. ప్రశ్న ఎంత చిన్నదైతే లెక్క అంత గట్టిగా నిలబడుతుంది. రాయడానికి నెల చాలు గానీ, గీతలు గీయడానికి వారాలు పడుతుంది. అందుకే సెమిస్టర్ మొదట్లోనే దిగండి.

వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ నా స్లైడ్లు సగంలోనే ఆపేశారు. 'సూత్రం సరే, నువ్వు చెప్పాక షాపులో ఏం మారింది?' అని అడిగారు.

'ఎనిమిదిన్నరకి రెండో పోపు పెడుతున్నారు సార్' అన్నా.

ఆ తర్వాత పావుగంట పప్పు గురించే మాట్లాడుకున్నాం.