రాని రోగమునకు వైద్యుడు

మూడు ప్రక్కల ఆంధ్రదేశము చుట్టుకొని యుండగా, పరిపాలనలో తుమకూరు జిల్లాకు లోబడియు, ఇంటను సంతలోను తెలుగే మాటాడుచు బ్రతుకు పావగడ తాలూకాలో, వేరుశనగ విత్తిన రైతు ఆకాశమును నమ్మినదానికంటె కొట్టములోని యావును, దొడ్డిలోని గొఱ్ఱెలను ఎక్కువగా నమ్మియున్నాడు. వానలు తప్పి పైరు మాడిన యేట గొఱ్ఱెపిల్లల నమ్మి బిడ్డల చదువు గడుపుకొనును. ఉదయ సాయంకాలములు సంఘమునకు పోసిన పాల పైకముతో అంగడి బాకీ తీర్చుకొనును. పాడియావు చచ్చిన యింట ఆ రాబడి ఆనాటితో నిలిచిపోవును. ఈ సంగతి నెఱిగినవారికే ఇచ్చటి పశువైద్యుని దినచర్యలోని బరువు బోధపడును.

శనిమహాత్ముని దర్శనార్థము దూరప్రాంతముల నుండి వచ్చు జనముతో శనివారము క్రిక్కిఱియు పావగడ పట్టణము మొదలుకొని, ఉత్తరపినాకిని యొడ్డున సుబ్రహ్మణ్యుడు వెలసిన నాగలమడక వఱకును, కోట శిథిలములు తలపై మోయుచున్న నిడగల్లు కొండ దాపు పల్లెల వఱకును, ఎక్కడ పశువు పడినను పిలుపు వైద్యునికే వచ్చును. పుస్తకములో వ్రాయునది కన్నడము. రైతుతో పలుకునది తెలుగు. ఆసుపత్రి ఆవరణములో ఇనుప చట్రమునకు కట్టిన యావు నొద్ద ప్రొద్దుటనే సంభాషణము మొదలగును.

“నిన్న ఏం మేసింది పెద్దాయనా?”

“ఎప్పటి మాదిరే శెనక్కాయ కట్టె వేసినా సార్. రాత్రి కట్టు తెంచుకొని కల్లంలో రాగులు గూడా రవ్వంత తిన్నెట్టుంది.”

“నెమరేస్తా ఉందా?”

“లేదు సార్. పొద్దున్నుంచి అట్లే నిలబడుకొని ఉంది.”

మనుష్యుడైన రోగి తన బాధను తానే చెప్పుకొనును. పశువు బాధను సగము యజమాని మాటవలనను, సగము తన చేతివలనను వైద్యుడు తెలిసికొనవలయును. రైతు తేలికగా జాఱవిడిచిన ఆ “రవ్వంత” యను మాట నాతడు వదలడు; చేటెడా, గంపెడా, ఏ జామున తిన్నది యని మరల మరల అడుగును, ఏలయన గింజ మితిమీరి తిన్న పశువు కడుపులో ఆమ్లము పొంగి ఒకటి రెండు దినములలో ప్రాణము తీయగలదు. ఎడమ డొక్కపై పిడికిలి నానించి, రెండు నిమిషములకు రెండు మూడు మారులైనను కదలవలసిన పెద్దపొట్ట కదలుచున్నదో లేదో కనిపెట్టును. చెవుల మొదళ్ళు తాకి చల్లదనము నరయును. ముట్టెపై చెమ్మ చూచును. పేడ రంగును, వాసనను సైతము పరీక్షించి గాని మందు పేరు చెప్పడు. ఇంత శ్రద్ధతో మూగజీవిని చదువు విద్యకు మన సమాజము ఇచ్చు గౌరవము చాలదని నా దృఢాభిప్రాయము.

ఈ మెట్టసీమకు ప్రత్యేకమైన యాపద యొకటి కలదు. విత్తిన జొన్న బెత్తెడు మొలిచిన పిమ్మట వాన మొగము చాటువేసినచో, గిడసబాఱిన ఆ లేతమొక్కలో విషము చేరును. దీనినే రైతులు నాము అందురు. ఆకలిగొన్న యావు గట్టు దాటి ఆ పచ్చదనము మీద పడి పది కబళములు మేసెనా, అచ్చటనే కాళ్ళు తడబడి కూలి, నోట నురుగు గ్రక్కుచు, ఊపిరి కొట్టుకొనుచు, నెత్తురు ఎఱ్ఱగా మెఱయుచుండగా ప్రాణములు విడుచును. శరీరములోని కణములు రక్తమందలి ప్రాణవాయువును గైకొనలేని దురవస్థ యది. అందువలననే నెత్తురున కా ఎఱుపు. అట్టి క్షణమున వైద్యుడు మెడనరమునకు సూది గుచ్చి సోడియం నైట్రైటును, దానివెంట ఛాయాచిత్రకారులు హైపో యని వాడుకొను సోడియం థయోసల్ఫేటును మెల్లగా నెక్కించినచో, చచ్చినదని చుట్టుప్రక్కలవారు ఏడ్చుచున్న యావు కన్నులు తెఱచి, తల యెత్తి, కొంతసేపటికి లేచి నిలుచుట కలదు. ఆలస్యమైనచో మాత్రము ఏ మందును పనిచేయదు. ఇచ్చట వైద్యుని బండి వేగముపైనను, రోడ్డు బాగోగులపైనను ఒక ప్రాణము ఆధారపడియుండును.

ఈనలేని యావు నొద్ద కతడు వెళ్ళు రాత్రి మఱింత శ్రమతో కూడినది. దూడ ముందుకాళ్ళు బయటికి వచ్చి, తల మాత్రము వెనుకకు మళ్ళి చిక్కుకొన్నచో, ఎఱుగనివారు నలుగురు చేరి కాళ్ళు పట్టి లాగుదురు. తల్లి గర్భము చినుగును, దూడ చచ్చును. వైద్యుడు వచ్చుటతోనే లాగుట మానిపించును. భుజము వఱకు చేయి కడిగికొని, సబ్బునీటితో జారునట్లు చేసికొని, దూడ కాళ్ళకు మెత్తని త్రాళ్ళ ఉచ్చులు తగిలించి, నొప్పి తెఱపి యిచ్చిన సమయము కనిపెట్టి దూడను మొదట వెనుకకే నెట్టును. అట్లు దొరికిన జానెడు చోటులో తల వెదకి, కంటిగుంటల నొద్ద వ్రేళ్ళు తగిలించి, మూతిని అరచేత కప్పి మెల్లగా ముందుకు త్రిప్పును. నొప్పి వచ్చునపుడు తల్లి బిగించు పట్టులో అతని చేయి తిమ్మిరెక్కి మొద్దుబాఱును. పిమ్మట తల్లి ముక్కిన యప్పుడే, క్రిందివైపునకు, ఇరువురు లాగిన చాలును. నేలబడిన దూడ ముక్కులలోని జిగట తుడిచి, నాసికలో గడ్డిపోచ త్రిప్పినంతనే అది తుమ్మి ఊపిరి తీయును. బొడ్డునకు అయోడిన్ పూసి, “జున్నుపాలు ఇప్పుడే తాపమ్మా, తెల్లవాఱనీయకు” అని యింటి యిల్లాలికి చెప్పి గాని యతడు చేతులు కడిగికొనడు.

ఎద్దును వెదకికొని ఊరూరు తిరుగు పని నేడు లేదు; మైనస్ 196 డిగ్రీల ద్రవనత్రజనిలో భద్రపఱచిన వీర్యము గ్రామమునకే వచ్చుచున్నది. మన దేశమున కృత్రిమ గర్భధారణ మొదట 1939లో మైసూరు రాజప్రాసాదపు పాడిశాలలో సంపత్‌కుమారన్ గారి చేతిమీదుగా జరిగెనని తలచినప్పుడు, ఒకనాటి ఆ మైసూరు సంస్థానములోనిదే యైన పావగడ పాలకేంద్రములో క్యానులు నిండుట చూచి సంతోషము కలుగును.

అయినను, పడిన యావు లేచుట, అడ్డము తిరిగిన దూడ పుట్టుట ఊరెల్ల కన్నులార చూచి కొనియాడు పనులు. పశువైద్యుని నిజమైన సేవ కంటికి కనబడనిది. అది రాకుండ పోయిన రోగము. మన తాతల కాలమున ముసర రోగము ఒక్క ఊరిలో ప్రవేశించెనా, కొట్టములకు కొట్టములే ఖాళీయై, నాగలి కట్టుటకు ఎద్దు లేక పొలములు బీడు పడెడివి. ఆ రోగమునకు సీరము తయారు చేయుటకై 1925లో బెంగుళూరు హెబ్బాళమున ఒక సంస్థ నెలకొన్నది. 1954లో దేశమంతటను టీకా ఉద్యమము ఆరంభమయ్యెను; పేరు లేని వేలకొలది ఉద్యోగులు మంచుపెట్టెలు మోసికొని, నడిచి, సైకిళ్ళెక్కి పల్లె పల్లె తిరిగిరి. 1995 తరువాత మన దేశమున ఆ రోగము కానరాలేదు. 2011లో భూమండలము నుండియే తొలగినట్లు అంతర్జాతీయ సంస్థలు ప్రకటించినవి. మశూచి తరువాత మానవుడు నిర్మూలించిన రెండవ రోగమిది. నేటి యువకుల కా పేరే తెలియదు. ఆ తెలియకపోవుటయే పశువైద్యుల విజయము.

తక్కిన శత్రువులు మాత్రము అట్లే యున్నవి. తొలకరి పచ్చిక నాబగా మేసిన గొఱ్ఱె తెల్లవాఱునప్పటికి చచ్చి పడియుండు చిటుకు రోగము, వానల వెంట వచ్చు దోమవంటి కీటకములు మోయు నీలినాలుక రోగము, మేకలను పీడించు పారుడు రోగము, నేలలో దశాబ్దముల తరబడి దాగియుండగల దొమ్మ రోగము. దొమ్మతో చచ్చిన పశువు నవరంధ్రముల నుండి గడ్డకట్టని నల్లని నెత్తురు కాఱును. దానిని కోయరాదు, తినరాదు. సున్నము చల్లి లోతుగ పాతవలయును. కోసినవానికిని ఆ రోగము సోకును గనుక ఈ యొక్క హెచ్చరికను వైద్యుడు ఎన్ని మారులు చెప్పినను తక్కువయే. మడకశిర వైపునకో పెనుకొండ వైపునకో మంద కదలినచో రోగము కూడ కదలును. రాష్ట్రముల సరిహద్దు దానికి లేదు.

ఈ తాలూకాలోనే తిరుమణి, వల్లూరు మొదలగు ఐదు గ్రామముల పరిధిలో సుమారు 13,000 ఎకరములపై 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము వెలసిన పిదప, భూమిని కౌలుకిచ్చిన రైతునకు ఏటేటా పైకము వచ్చుచున్నది, ఇది మేలే. కాని సెంటు భూమి లేక మంద నొక్కదానినే నమ్ముకొన్న కాపరికి కౌలు రాదు, కంచె లోపలి బీడును రాదు. అతడు మునుపటికంటె దూరము నడచును. నీరసించిన గొఱ్ఱె రోగమునకు సులభముగ లొంగును. అభివృద్ధి లెక్కలలో ఆ కాపరిని గూడ చేర్చవలసియుండెను.

ఇక గాలికుంటు. 2013లో కర్ణాటక దక్షిణ జిల్లాలలో ఈ రోగము వేలాది పశువులను పొట్టన పెట్టుకొన్నది. నోటను గిట్టల నడుమను పొక్కులు లేచి, మేత మాని, పాలు ఎండి, బ్రతికి బట్టకట్టిన సంకరజాతి యావు సైతము ఎండకు ఓర్వలేక యేండ్ల తరబడి రొప్పుచుండుట కలదు. 2019 నుండి కేంద్రప్రభుత్వము దీనికి ఉచితముగ టీకా వేయించుచున్నది. అయినను టీకా బృందము వీధిలోనికి రాగానే, “పాలు తగ్గిపోతాయి సార్, మా ఆవుకొద్దు” అని పశువును పెరటిదారిన తోటలోనికి తోలుకొని పోవువారు నేటికిని కలరు. రెండు మూడు దినములు పాలు కొంత తగ్గుట నిజమే. రోగము వచ్చినచో ఆ యీతకు పాలే యుండకపోవచ్చుననుటయు అంతే నిజము. ఊరిలో పది పశువులకు టీకా తప్పినచో తక్కిన వాటికిని ముప్పు తప్పదు. కావున రైతు సోదరులారా, ఆరు నెలల కొకసారి వారు వచ్చినపుడు పశువును కొట్టములోనే కట్టియుంచుడు. గొఱ్ఱెలకు చిటుకు టీకా తొలకరికి ముందే వేయించుడు. పశువు మేత మానిన దినముననే, వాతలు పెట్టించుటకు పూర్వమే, 1962 సంఖ్యకు ఫోను చేయుడు.