గూడబాతంత బరువు

నేలపట్టు చెరువు మీద ఎగురు గూడబాతు తూకమునకు 4 నుండి 6 కిలోల వరకు ఉండును. దానిని చిత్రించుటకు మనము కట్ట మీదికి మోసికొనిపోవు 600 మిల్లీమీటర్ల టెలిఫోటో లెన్సు, అందును 20 ఏండ్ల నాటిదైనచో, 5 కిలోలకు పైమాటే. పక్షియు, పక్షిని పట్టు గాజుకన్నును ఇంచుమించు ఒకే బరువు. ఆ బరువును గూడబాతు రెక్క కదల్పకుండ గాలి మీద నిలుపుకొనును. మనమో, కట్ట సగము నడచునప్పటికే రెండు మారులు భుజము మార్చుకొందుము.

ఇంత బరువు దేనికని విద్యార్థులు అడుగుచుందురు. సమాధానము భాగహారమంత సులువైనది. లెన్సు నాభ్యంతరమును దాని ద్వారపు వెడల్పుచేత భాగించగా వచ్చు సంఖ్యనే ఛాయాగ్రాహకులు 'ఎఫ్' సంఖ్య అందురు. 600 మి.మీ. లెన్సు ఎఫ్/4 కావలెనన్నచో దాని ద్వారము 150 మి.మీ. ఉండితీరవలెను. అనగా చిన్న పళ్ళెమంత గాజు; దాని వెనుక మరికొన్ని గాజులు. అడవిలోగాని చెరువుమీదగాని ప్రాణులు చురుకుగా తిరుగునది తెల్లవారుజామున, మునిమాపున. ఆ మసక వెలుతురులో చాలినంత కాంతిని త్రాగవలెనన్న నోరు పెద్దది కాక తప్పదు. ఇటీవల వచ్చిన వాటి బరువు 3 కిలోలకు దిగినది. వెల మాత్రము దిగలేదు. అది మా బోటి అధ్యాపకులు కొనదగిన వస్తువు కాదు. నా చేత దానిని పెట్టినవాడు నా పూర్వవిద్యార్థి. గురుదక్షిణ యిచ్చుచున్నానని నవ్వుచునే, మరునాటినుండి నాకు గురువైనాడు.

బరువు మాట వచ్చినప్పుడు మద్రాసు ప్రకృతి రచయిత ఎం. కృష్ణన్ (1912–1996) తలపునకు వచ్చును. ఆయన వేర్వేరు కెమెరాల భాగములను తానే జతపరచుకొని, ఆ యంత్రమునకు 'సూపర్ పాండెరోసా' అని పరిహాసముగా పేరు పెట్టుకొనెను. దానితో ఏనుగులను, ఇతర వన్యప్రాణులను నలుపు తెలుపులలో చిత్రించెను. ఈనాటి పనిముట్లతో పోల్చిన అదొక చెక్కబండి. ఆ బండితో ఆయన చేరినచోటికి మన మోటారు వాహనములు చేరవు.

సూళ్ళూరుపేటకు సమీపమున దొరవారిసత్రము దగ్గర నున్న నేలపట్టు 1976లో పక్షి సంరక్షణాలయమైనది. చెరువు నీటిలో మొలచిన కడప చెట్ల మీద గూడబాతులు, తెల్లకంకణాయిలు, నీటికాకులు గూళ్ళు కట్టును. మేము పోయినది ఒక జనవరి మాసము. ట్రైపాడ్ నిలిపి లెన్సు బిగించగానే నేను ఆత్రముగా కన్నానించబోగా మావాడు వారించి, "మాస్టారూ, ముందు పిట్టను చూడండి. కెమెరాలో తరవాత చూద్దురుగాని" అనెను. పావుగంట సేపు నన్నట్లే కూర్చుండబెట్టెను.

ఆ మాటలోని మర్మము పిదప తెలిసినది. చేయి చాచి చూపుడువ్రేలిని నడిమివ్రేలిని జోడించి ఆకాశము వైపు పట్టుడు. ఆ రెండు వ్రేళ్ళు కప్పునంత మేర, ఇంచుమించు అంతియే 600 మి.మీ. లెన్సు అడ్డముగా చూడగలిగినది. దానిలో కన్ను పెట్టి పక్షిని వెదకుట, తాళపుచెవి రంధ్రమునుండి తిరునాళ్ళలో మనిషిని వెదకుట వంటిది. కనుక చూపును పక్షిపైనుండి మరల్చక, లెన్సునే చూపులోనికి తెచ్చుకొనవలెను. వంగిన కొమ్మయో, ఎండిన మోడో ఒకటి గుర్తు పెట్టుకొనుట మేలు. రెండవ కన్ను మూయరాదు; ఆ కన్నే రానున్న పక్షిని ముందుగా చెప్పును.

తరువాతిది త్రాసు విద్య. ఇట్టి లెన్సును గింబల్ అను ఊయల వంటి అమరికలో నిలుపుదురు. లెన్సు పాదమును ముందునకు వెనుకకు జరుపుచు, చేయి వదలినను ముందునకు గాని వెనుకకు గాని ఒరగనిచోట మరను బిగింపవలెను. ఆ స్థానము దొరికిన తరువాత 5 కిలోల బరువు ఒక్క వ్రేలితో కదలును. మా ఇంటి ముందటి కిరాణా కొట్టులో పూర్వము త్రాసుముల్లు నిలుచువరకు ఊపిరి బిగబట్టి చూచెడివారము. అదే ఓర్పు ఇచ్చట పనికి వచ్చినది. ట్రైపాడ్ లేనివారు గుడ్డసంచిలో కిలోన్నర బియ్యము పోసి, మూతి కుట్టి, పిట్టగోడ మీదనో కారు కిటికీ మీదనో పెట్టుకొని దానిపై లెన్సును ఆనించవచ్చును. ఇంతకంటె చవకయైన పరికరము లేదు; పని ముగిసిన వెనుక వండుకొనవచ్చును గూడ.

షట్టరు వేగము నాభ్యంతరమునకు తగ్గరాదని పాత సూత్రము: 600 మి.మీ.కు సెకనులో 600వ వంతు. నేటి లెన్సులలో చేతి వణకును సవరించు యంత్రములు ఉన్నవి గాన నిలిచిన పక్షికి కొంత సడలింపు కలదు. అవి మన వణకునే ఆపునుగాని పక్షి రెక్కను ఆపలేవు. ఎగురుదానికి సెకనులో 2000వ వంతైనను కావలెను.

అన్నిటికంటె కఠినమైనది ఫోకస్. 20 మీటర్ల దూరమున, ఎఫ్/4 వద్ద, ఈ లెన్సు స్పష్టముగా చూపగల లోతు సుమారు 27 సెంటీమీటర్లు మాత్రమే. గూడబాతు ముక్కు పొడవే జానెడున్నర! పక్షి మనవైపు తిరిగియున్నచో కన్ను, ముక్కు కొన రెండును ఒకే చిత్రములో తేటగా రావు. ఏదో ఒకటి వదలుకొనవలెను. కన్నునే ఎన్నుకొమ్మని మావాని ఉపదేశము. కన్ను తేటగా లేని చిత్రము ఎంత అందముగానున్నను శిల్పము వలె నుండును.

ఎండ ముదిరిన కొలదిని మరియొక చిక్కు. నేల కాగి గాలి వణకనారంభించును. దూరమునున్న పక్షి అంచులు నీటిలోని నీడవలె చెదరును. ఎంత ఖరీదైన గాజైనను దీనికి మందు కాదు. వింత యేమనగా, గూడబాతులు వలయములుగా పైకి లేచుట ఆ వేడిగాలి ఆసరాతోనే. పక్షిని ఎత్తు గాలియే చిత్రమును చెరచును. ఆ వేళకు కెమెరా ముడిచి, వట్టి కన్నులతో చూచుట ఉత్తమము.

ఆ జనవరి ఉదయముననే మేము కావలి గోపురము మీద నుండగా వ్యాను దిగి ఒక బృందము వచ్చెను. చేతులలో ఫోనులు. కొమ్మల మీద తెల్లని చుక్కలు తప్ప వారికేమియు అగపడలేదు. అందులో ఒక పెద్దమనిషి, "ఒరేయ్, గట్టిగా చప్పట్లు కొట్టండ్రా, లేస్తాయి" అని పిల్లలను పురికొల్పెను. చప్పట్లు, కేకలు. తెల్లకంకణాయిలు ఒక గుంపు లేచినవి. అందరును ఆహా అనిరి.

నా కన్ను లెన్సులోనే యున్నది. ఖాళీయైన గూటిలో మూడు గ్రుడ్లు. ఎచ్చటనుండియో ఒక కాకి వచ్చి గూటి అంచున వ్రాలెను, ఒకదానిని ముక్కున కరచుకొని పోయెను. అంతయు మూడు నాలుగు సెకనుల పని. నేను షట్టరు నొక్కితిని. తల్లిపక్షి తిరిగి వచ్చునప్పటికి వారు వేరొకవైపు చూచుచుండిరి.

మావాడు ఎవరిని మందలింపలేదు. కెమెరా వెనుక తెరమీద ఆ చిత్రమును పెట్టి పిల్లల ముందుంచెను. పెద్దమనిషియు వంగి చూచి, "ఇక్కణ్ణించి ఇదేం కనపళ్ళేదండీ" అనెను. అది నిజమే. పదేండ్ల బాలిక మాత్రము, "ఇంకా ఎన్నున్నాయండీ?" అని అడిగెను. "రెండమ్మా" అంటిని. ఆపైన ఆ గోపురము మీద ఎవరును చప్పట్లు కొట్టలేదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము 'వేట' అను పదమునకు ఇచ్చిన నిర్వచనమును పాఠశాలలలో చదివించవలెనని నా అభిప్రాయము. చంపుట, పట్టుకొనుట మాత్రమే వేట కాదు. అడవి పక్షుల గ్రుడ్లను గాని గూళ్ళను గాని కలవరపరచుటయు ఆ నిర్వచనములో చేరియున్నది. తుపాకి లేనివాడును వేటగాడు కావచ్చునని చట్టమే చెప్పుచున్నది. గూడబాతు పిల్ల గ్రుడ్డునుండి వెలువడునప్పుడు ఒంటిమీద ఈకయైనను ఉండదు. తల్లి నీడ తొలగినచో ఎండకు తాళజాలదు. పలు ఛాయాచిత్ర పోటీలలో గూటి చిత్రములను స్వీకరింపకుండుటకు కారణమిదే.

కొందరు ఈ లెన్సు చేతికి రాగానే ఇంకను దగ్గరకు పోవలెనని తహతహలాడుదురు. 600 మి.మీ. కొని 20 అడుగుల దూరమునకు ప్రాకువారిని చూచినప్పుడు నాకు కోపమే వచ్చును. ఇంత గాజును ఇంత వెల పెట్టి చేసినది మనమున్నచోటనే ఉండుటకు. దాని బరువు కూడ ఆ విధముగ మేలే చేయుచున్నది: ఒకచోట దింపినవాడు ఊరక లేచి వెంటబడలేడు. గంటసేపు కదలక కూర్చున్నవానిని పక్షులు మోడుగా ఎంచును. నీటికాకి మాకు ఎనిమిది గజముల దూరమున వ్రాలి రెక్కలు ఆరబెట్టుకొన్నది. అంత దగ్గరగా మేము పోయియుందుమా?

బడిపిల్లలకు ఈ విద్య నేర్పదలచిన ఉపాధ్యాయులు లెన్సు కొరకు ఆగనక్కరలేదు. ఆవరణలోని వేపచెట్టు మీది గోరువంకలు చాలును. అవి ఏ వేళకు వచ్చును, మనిషి ఎంత దగ్గరకు వచ్చిన తలయెత్తును, ఎంత దగ్గరకు వచ్చిన లేచిపోవును — ఈ రెండు దూరములను అడుగులతో కొలిచి పలక మీద వ్రాయించుడు. తలయెత్తిన దూరమున సుద్దముక్కతో గీత గీసి, దానికి ఇవతల పిల్లలను కూర్చుండబెట్టుడు.